పూజ అలమరలో పుట్ట

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఇది. మా పిన్ని పూజ అలమరలో లేచిన పుట్టకు ఒక మధ్యాహ్నం చెవి ఆనించి విన్నాను. లోపల ఎవరో నిద్రలో ఊపిరి తీసుకుంటున్నట్టు వినిపించింది.

దెయ్యాల కథలు ఇష్టంగా చదువుతాను గానీ ఏనాడూ నమ్మలేదు. ఆ రోజు డైరీలో కూడా తలనొప్పి అని మాత్రమే రాసుకున్నాను.

ఐటీ ఉద్యోగాలు జోరుగా దొరుకుతున్న రోజులవి. నాకు సైన్స్ పార్క్‌లో ఉద్యోగం వచ్చి, సింగపూర్‌లో పిన్నీ బాబాయిల ఫ్లాట్‌లో ఉండేదాన్ని. తొమ్మిదో అంతస్తు. బాబాయికి సిడ్నీలో మంచి పని దొరకడంతో ఫ్లాట్ అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్ళది ఒకటే షరతు. ముందు చెదపురుగుల తనిఖీ జరగాలి.

దానికోసం ఇల్లు సర్దుతుంటే బయటపడింది. అలమర వెనక మూలలో గుమ్మడికాయంత ఎర్రమట్టి పుట్ట. పిన్ని దానికి పసుపు కుంకుమలు పెట్టి, పాలు పోస్తూ, పాత పట్టుచీర ముక్క అడ్డం కట్టి దాచింది. ఆమెకు పిల్లల్లేరు. ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి మానేసింది.

"పుట్టకి మందు కొట్టిస్తారా? కళ్ళు పోతాయండీ!" అంది పిన్ని.

"చెదే అది! నాగేంద్రుడు లిఫ్టెక్కి వస్తాడేంటే, తొమ్మిదో ఫ్లోర్‌కి?" అన్నాడు బాబాయి.

పిన్ని నవ్వలేదు. "నాకు మిగిలింది ఇదొక్కటే. వదిలెయ్యండి" అంది.

తనిఖీకి వచ్చినాయన పెద్ద వయసు చైనీస్ అంకుల్. స్క్రూడ్రైవర్ పిడితో చెక్కంతా తట్టి విన్నాడు. చెద తిన్నచోట డొల్ల చప్పుడు వస్తుందట. ఎక్కడా రాలేదు.

"వుడ్ ఆల్ ఓకే. దెన్ దే ఈట్ వాట్, ఆహ్?" అని సింగపూర్ ఇంగ్లీషులో గొణుక్కున్నాడు. చెక్క బాగానే ఉంటే మరి చెద ఏం తింటోందని.

బాబాయి తల ఊపగానే అంకుల్ పుట్ట పగలగొట్టాడు. ఒక్క పురుగు లేదు. లోపల చేత్తో అలికినంత నున్నగా ఒక గూడు. పసిబిడ్డ ముడుచుకుని పడుకుంటే సరిపోయేంత. అంకుల్ చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు.

"వార్మ్ లా" అన్నాడు అదే యాసలో.

నేనూ తాకాను. ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళిన పక్కలా వెచ్చగా ఉంది.

పిన్ని ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. కడుపు మీద కొంగు సర్దుకుని, వంటింట్లోకి వెళ్ళి పాలు కాచుకుంది. ఆ నెమ్మదికే నాకు భయమేసింది.

మట్టిని నల్ల సంచిలో తీసుకుపోయారు. ఫ్లాట్ అమ్ముడైంది. ఆ తర్వాత పిన్ని ఒక పక్కకే తిరిగి పడుకోవడం, కూర్చునేటప్పుడు నడుముకు చెయ్యి ఆనించుకోవడం చూసి బాబాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. కడుపు కాదన్నారు. ఆమె ఆ మాట విననట్టే ఉంది.

ఆ గూడు ఎవరు కట్టారో, ఆ వెచ్చదనం ఎవరిదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఎయిర్‌పోర్టులో వాళ్ళు లోపలికి వెళ్ళిపోతుంటే, ఎప్పుడూ గొంతెత్తని నేను "పిన్నీ!" అని గట్టిగా పిలిచాను. ఆమె గాభరాగా వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లిగా పిలవ్వే. వాడు ఇప్పుడే పడుకున్నాడు."