ఓదెమ్మ ఎక్కిన ఆటో

ఓదెమ్మ చిన్నమ్మ నోరంటే జఫర్‌గఢ్‌లో అందరికీ హడలే. తెలంగాణ ఉద్యమంలో రోడ్డు మీద వంటావార్పు పెట్టినప్పుడల్లా గంటె ఆమె చేతిలోనే ఉండేది. పని ఎగ్గొడితే నాయకుడినైనా తిట్టిపోసేది.

అంత నోరున్న మనిషి ఒక్క మాట దాచింది. రొమ్ములో క్యాన్సర్ గడ్డ. హైదరాబాదులో ఒక దవాఖాన వాళ్ళు కొత్త మందును కొందరు రోగుల మీద పరీక్షిస్తూ ఆమెనూ చేర్చుకున్నారు. ఇరవై ఒక్క రోజులకోసారి పోవాలి. గడువు దాటితే పేరు కొట్టేస్తారు. ఆ మందుకు గడ్డ సగం కరిగింది. ఊళ్ళో మాత్రం బిడ్డను చూడబోతున్నానని చెప్పేది. మా ఆడవాళ్ళు ఆ జబ్బు పేరు మగవాళ్ళ ముందు ఎత్తరు.

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయాయి. ఆమె ఎవరినో బతిమాలి ఆటో మాట్లాడుకుంది. సమ్మె తరఫున చౌరస్తాలో కాపు కాసి ఆ ఆటోను ఆపింది నేనే.

“యాడికి చిన్నమ్మా?”

“బిడ్డ కాడికి.”

“సమ్మెల చుట్టపు చూపేంది? అయినంక పో.”

“జర ఇడువు గణపతీ. పనున్నది.”

“ఏం పని?”

నా వెనక పదిమంది మగవాళ్ళు. ఆమె కొంగు నిండా కప్పుకుని తల దించుకుంది. నేను ఆటో తాళంచెవి గుంజుకున్నాను. పెద్ద మొనగాణ్ణనుకున్నాను. థూ!

ఆ తర్వాత ఏ ఆటోవాడూ రానన్నాడు. బస్సులు కదిలాక పోతే, గడువు దాటిందని దవాఖాన మేడమ్ “మీవోల్లే ఆపిన్రంట గద, వాల్లనే అడుగు మందు” అని మా యాసను వెక్కిరిస్తూ ఫైలు మూసేసిందట. ఆమె బిడ్డ ఉమ ఫోన్ చేసి నన్ను దుమ్మెత్తిపోస్తేనే నాకు సంగతి తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు దవాఖానకు ఉరికి, ఆ మేడమ్ కాళ్ళు పట్టుకున్నాను. రూల్ రూలేనట. గడ్డను కొలిచినన్నాళ్ళూ వాళ్ళకు మనిషి కనబడలేదు. నాకు మాత్రం కనబడిందా?

చిన్నమ్మ నన్ను గడప తొక్కనివ్వలేదు.

“తెలంగాణ నాకొద్దన్ననారా? నా పానం గూడ నాకు ముద్దే గద!” అని తలుపు వేసుకుంది.

మళ్ళీ రాస్తారోకో పెట్టిన రోజు, ఎముకల గూడై కూడా గంటె పట్టుకుని వచ్చింది. నాతో మాట్లాడలేదు. ఇంతలో ఒక జీపు వచ్చింది. లోపల ఎవరో ఆడమనిషి, తల దించుకుని ఉంది.

“యాడికి పోతున్నవక్కా?” అన్నాను.

గంటె కాడ నా మణికట్టు మీద ఫట్‌మని పడింది.

“అడుగకు. అది చెప్పదు. ఇడిసిపెట్టు.”