అంతర్వేది తొవ్వల నేనాడిన అబద్ధం

తెలంగాణ ఇస్తమని ఢిల్లీల ప్రకటించిన ఆ వానకాలంల మేమిద్దరం సముద్రం ఒడ్డున నడుచుకుంట అంతర్వేదికి పోయినం. మొక్కు నాది. అంతకుముందు మహబూబాబాద్‌ల రైలు ఆపిండని మా ఆయనను జైలుల పెట్టిండ్రు. పండిత శిక్షణల నాతోని చదివిన నర్సాపురం దోస్తు ఫోన్ చేసి, "మా నరసింహస్వామికి మొక్కుకో, వచ్చేస్తారు" అన్నది. పేరుపాలెం నుంచి ఇద్దరం నడిచి వస్తమని మొక్కిన. ఆయన బెయిలు మీద బయటికొచ్చిండు.

"గిప్పుడా పోయేది? అక్కడ బస్సులు బందు వెట్టి మనల్ని తిడుతున్నరు" అన్నడు.

"మొక్కు బాకీ ఉన్నదని నాకు నిద్ర పడ్తలేదు" అన్న.

దేవరుప్పులల ధర్నా అంటే మైకు ఆయన చేతికే ఇచ్చెటోళ్లు. అసొంటి మనిషితోని జనగామల రైలెక్కేటప్పుడు ఒట్టు వేయించుకున్న, తిరిగొచ్చేదాక అక్కడ ఎవ్వరితోని మాట్లాడొద్దని, మన యాస పట్టిస్తదని. లింగాల ఘనపూర్ బడిల తెలుగు చెప్పేదాన్ని గాబట్టి పుస్తకాల భాష నాకొస్తది. మాటలు నావంతు అనుకున్నం.

పొద్దు పొడవకముందే పేరుపాలెంల నడక మొదలుపెట్టినం. తడి ఇసుకల కాళ్లు దిగబడుతున్నయ్. ఒకదిక్కు సముద్రం, ఒకదిక్కు సరుగుడు తోటలు. వలలు బాగుచేసుకునేటోళ్లు తలెత్తి చూసినప్పుడల్లా నేను తొందర తొందరగ అడుగులేసేదాన్ని. ఆయన కండువా ముఖానికి అడ్డం వెట్టుకొని నా వెనకాల నడిచిండు.

పగటీలి అన్నం యాళ్లకు నర్సాపురం రేవు చేరినం. గోదావరి దాటాలంటే పంటు పడవ ఎక్కాలె. రేవుల పదిమంది పిలగాండ్లు జెండాలు పట్టుకొని సమైక్యాంధ్ర నినాదాలిస్తున్నరు. వాళ్లల్ల నల్ల చొక్కాయన మా ముందటికొచ్చి, "ఏ ఊరండీ మీది?" అని మా ఆయననే అడిగిండు.

"రాజమండ్రి అండీ. మొక్కుంటే వచ్చాం" అన్న నేను.

"ఆయన్ని మాట్టాడమనండి."

"ఆయనకు మాటలు రావండీ. పుట్టు మూగ" అన్న.

మా ఆయన నా దిక్కు చూసిండు. ఇరవై ఏండ్ల సంసారంల ఆ చూపు ఎన్నడూ చూడలే. పక్కన చేపల గంపతోని కూసున్న ముసలామె, "అయ్యో పాపం" అని ఆయన చెయ్యి నిమిరింది. ఆయన తల వంచుకున్నడు.

ఆ పిలగాండ్లు, చేపల ముసలామె గూడ మాతోని అదే పంటు ఎక్కిండ్రు. అవతలి ఒడ్డుకు చేరంగనే పంటు గట్టుకు గుద్దుకున్నది. దిగబోతున్న నా కాలు తడి చెక్క మీద జారింది. సగం నీళ్లల్లకు ఒరిగిన.

"ఏయ్, పైలం! గా కడ్డీ పట్టుకో!"

ఆ గొంతు పంటు అంతట వినవడ్డది. ఆయనే నన్ను రెక్క వట్టి గుంజిండు. నా మోకాలు చెక్కుకపోయి నెత్తురు కారుతున్నది. నల్ల చొక్కాయన దగ్గరికొచ్చిండు.

"మూగోడన్నారు కదండీ?"

మా ఆయన నన్ను వెనక్కి జరిపి ముందు నిలవడ్డడు. "మాది జనగామ పక్కపొంటి. తెలంగాణ కోసం రైలు ఆపి జైలుకు పోయినోన్ని. నేను బయటికి రావాల్నని మా ఆడామె మీ దేవునికి మొక్కింది. గందుకే వచ్చినం. ఏం జేస్తరో చెయ్యుండ్రి."

వెనక నుంచి ఎవరో, "గోదాట్లో తొయ్యండ్రా" అన్నరు. చేపల ముసలామె గంప కింద వెట్టింది. "మొక్కుకొచ్చినోళ్లని తోస్తార్రా? ముందు నన్ను తొయ్యండి" అని మా మధ్యల నిలవడ్డది.

నల్ల చొక్కాయన చానాసేపు నా మోకాలు దిక్కు చూసిండు. "వెళ్ళండి. దర్శనం చేసుకుని తొందరగా వెళ్ళిపోండి" అని తొవ్వ ఇచ్చిండు.

సఖినేటిపల్లి దాటినదాక వెనక్కి తిరిగి చూడలే. ఆయన పది అడుగులు ముందే నడిచిండు. నేను కుంటుకుంట వెనకాల పోయిన. పొద్దుగూకేవరకు గుడి చేరి దర్శనం చేసుకున్నం. మొక్కు తీరిందన్న సంబురం నాకు ఏ మూలకు లేదు.

గోదావరి సముద్రంల కలిసే కాడ కూసున్నంక అన్నడు, "జైలుల గూడ నా నోరు ఎవ్వడు మూయలే. నువ్వు మూసినవు."

"భయమైంది. నిన్ను ఏమన్న చేస్తరని" అన్న.

"నాకు గాలేదా భయం?"

ఆ మాట ఆయన నోటెంట నేను విన్నది అదే మొదలు. మొక్కినప్పుడు గాని ఒట్టు వేయించుకున్నప్పుడు గాని ఆయన భయం నేను అడుగనేలేదు. ఏడుపు ఆగలే. ఆయన నన్ను ఓదార్చలే, లేచి గూడ పోలే. చీకటి పడేదాక అట్లనే పక్కపక్కన కూసున్నం.