వచ్చే ఏటి గడ్డ

మన్ననూర్ తాతకు మట్టి పెట్టి వచ్చిన మూడో నాడు, ఆయన నేర్పిన పద్ధతిని నా గేమ్‌ల నుంచి పీకేసిన్రు. పీకింది, నా గేమ్‌ను జనంలకు తీసుకపోతమని ముందుకొచ్చిన హైదరాబాద్ కంపెనీ. చూడనీకి నేనిచ్చిన ట్రయల్ కాపీని మార్చి బయట పెట్టిన్రు, నన్ను ఒక్క మాట అడగలే. నా గేమ్ కోసం పెట్టిన ఈ పేజీ చూసేటోళ్లకు ఆ తాత ఎవరో తెల్వదు గనుక రాస్తున్న.

నేను కొత్తకోట హైవే మీద లారీ టైర్ల దుకాణంల పనిచేస్త. గేమ్ చేసుడు ఫోన్‌ల వీడియోలు చూసి నేర్చుకున్న. నల్లమలల తప్పిపోయిన మనిషి ఆకలికి చావకుండ బతికి బయటపడాలె, అదీ ఆట. ఒక్కణ్ణే చేసిన. అడవి ఫోటోలకని ఆదివారాలు మన్ననూర్‌ల మా అక్క ఇంటికి పోయేటోణ్ణి. తాత వాళ్ల పక్కింటాయన. అడవిల పుట్టి పెరిగినోడు, ఎండాకాలం ఫారెస్టోళ్ల దగ్గర మంటలు ఆర్పే పనికి పోయేటోడు. కుర్చీ ఏస్తే కూసోడు. గడప పక్కన గొంతుక్కూసొని నా లాప్‌టాప్‌ను ఓరగ చూసేటోడు.

మొదటిసారి చూసిననాడు నా గేమ్‌ల మనిషి గడ్డ తవ్వుకొని తిన్నడు. ఐదు నిమిషాలకు అదే జాగల ఇంకో గడ్డ లేచింది.

"మల్ల యాడికెల్లి వచ్చిందిరా?"

"అదే వస్తది తాతా."

"ఎవరు పెట్టిన్రు?"

"ఎవరు పెట్టరు. గేమ్‌ల గట్లనే ఉంటది."

"అయితే నీ అడవిల ఆకలే లేదు."

పులిని చూసి ఇంకా నవ్విండు. పది నిమిషాలకోసారి మీదికి దుంకేది. "దానికేం పని లేదా, నీ ఎంబడే తిరుగుతది?"

నాకు మండింది. అది నా ఏడాది కష్టం. "నువ్వే చూపియ్యి మరి" అన్న. మరుసటి ఆదివారం తీసుకపోయిండు. ఒక తీగ చూపిచ్చి తవ్వమన్నడు. టైర్లు ఇప్పే చేతులు నావి, బలమంతా చూపిచ్చిన. గడ్డను తలతో సహా పెరికి పైకెత్తిన. తాత తిట్టలే. పక్కన ఇంకోటి తవ్వి, కింది భాగం కోసుకొని, తీగ ఉన్న తలను గుంతలనే ఉంచి మన్ను కప్పిండు. నేను పెరికింది మాత్రం ముట్టలే. "అది నువ్వే తిను. వచ్చే ఏటిది గూడ తిన్నవ్ గద" అన్నడు.

వచ్చి సగం గేమ్ చెరిపేసిన. గడ్డ దానంతట అదే మొలుసుడు తీసేసిన. తల ఉంచి మన్ను కప్పితేనే వానల తర్వాత మల్ల దొరుకుతది. ఆశకు పోయి పెరికితే ఆ జాగ ఇగ ఖాళీ. పులి ఎదురుంగ రాదు, అడుగులే కనపడ్తయి. ఆట కష్టమైంది. ఆడిన దోస్తులు తిట్టిన్రు, నేను మార్చలే. ఆ తర్వాత ఎప్పుడు పోయినా తాత నన్ను బాగున్నవా అని అడగలే. "నీ మనిషి తిన్నడా?" అనేటోడు.

చివరిసారి, తాత పాణం బాగలేక నాగర్‌కర్నూల్ దవాఖానల ఉన్నప్పుడు గేమ్ చూపిచ్చిన. మంచం మీద పక్కకు తిరిగి, నా మనిషి మన్ను కప్పేది చూసిండు.

"కాలుతోని తొక్కలే. పందులు తోడుకపోతయి."

అక్కడనే నేల మీద కూసొని ఆ తొక్కుడు కలిపిన. ఒక్క సెకను. రెండుసార్లు చూసి తలూపిండు. నాలుగు రోజులకు పోయిండు.

ఇప్పుడు కంపెనీకి ఫోన్ చేస్తే, ఎత్తినాయన అంటడు: "బ్రో, ఆడేటోళ్లకు అంత ఓపిక ఉండదు. గడ్డ మూడు నిమిషాలకే వచ్చేటట్టు పెట్టినం. ఎమోషనల్ కాకు."

నేను ఏడుస్తలేను. ఆట గురించి చెప్తున్న. మన్ను కప్పకుండనే గడ్డ మొలిస్తే, నా మనిషి బతికిండని ఎట్ల అంటరు?

కంపెనీ సార్లూ, నేనింకా మీ ఒప్పందం కాయితం మీద సంతకం పెట్టలే. గడ్డ తల గుంతలనే ఉండాలె. మన్ను కప్పాలె. నా మనిషి దాని మీద కాలు పెట్టి, ఒక్క సెకను, అదిమి తొక్కాలె. గట్ల పెడ్తరా, లేకుంటే నా గేమ్ నాకు తిరిగిస్తరా? శనివారం సాయంత్రం ఆరు లోపల ఇదే పేజీల, అందరి ముందట, జవాబు రాయున్రి.