మూడుసార్లు తెగిన మోకాలు

ఆ ఫిబ్రవరిలో మా మేనల్లుడు లూషియన్ మోకాలిని ఎంతమంది డాక్టర్లు పట్టుకుని గుంజారో వాడికే తెలియదు. అమెరికన్ ఫుట్‌బాల్ టీములు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టుకు ముందు, పేరున్న కాలేజీ కుర్రాళ్లందరినీ ఇండియానాపోలిస్‌కు పిలిపించి పరీక్షిస్తారు. పరిగెత్తించడం, దూకించడం టీవీలో చూపిస్తారు గాని ఈ గుంజడం చూపించరు. బల్ల మీద పడుకోబెట్టి, ఒక టీము డాక్టరు వెళ్లగానే ఇంకో టీము డాక్టరు వచ్చి, ఎడమకాలు మడిచి, పిక్క పట్టుకుని ముందుకు లాగి, పక్కనున్నవాడితో ఏదో గొణిగి వెళ్లిపోయేవాడట.

"నన్నెవరూ పేరుతో పిలవలేదు మావయ్యా," అన్నాడు ఇంటికొచ్చాక. "తలుపు దగ్గర ఒకాయన 'ఎడమ మోకాలు వచ్చిందా?' అనడిగాడు. వచ్చిందండీ అన్నాను."

వాడు నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాను. వాళ్లమ్మ వెర్నా నవ్వలేదు.

వెర్నా నా చెల్లెలు. బడి వంటశాలలో పనిచేసేది. దాని మొగుడు సముద్రంలో చమురు బావుల మీద పనికి పోయి నెలలో సగం రోజులు ఇంట ఉండేవాడు కాదు. అందుకని లూషియన్ సగం వాళ్లింట్లో, సగం ఏటిగట్టు రోడ్డు మీదున్న నా టైర్ల కొట్లో పెరిగాడు. పదేళ్లకే బంతిని చంకలో ఇరికించుకుని, ఎదురొచ్చినవాణ్ణి భుజంతో తోసుకుంటూ పోయేవాడు. మా లూసియానాలో శుక్రవారం సాయంత్రం హైస్కూలు ఆటకు రాలేదంటే ఆ మనిషి మంచం పట్టాడనే అనుకుంటారు. ఊరు ఊరంతా వాడి పేరు పెట్టి అరుస్తుంటే వెర్నా మాత్రం చెవులు మూసుకుని కూర్చునేది. వాడు కింద పడినప్పుడల్లా వచ్చే చప్పుడు వినలేనని చెప్పేది.

కాలేజీ రెండో ఏడు ఎడమ మోకాలి లోపలి నరం తెగింది. తొడ నుంచి కొంత తీసి కుట్టారు. లేచి ఆడాడు. ఆఖరి ఏడు అదే నరం మళ్లీ తెగింది. మళ్లీ కుట్టారు. అంతకుముందు వాణ్ణి డ్రాఫ్టులో మొదటి పదిమందిలో పిలుస్తారని రాసిన పత్రికలవాళ్లు, ఆ తరవాత వాడి పేరు రాయడమే మానేశారు.

మార్చిలో ఒక సోమవారం హోలిస్ ప్రూయిట్ అనే ఆయన మా చెల్లెలి ఇంటికొచ్చాడు. ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న ఒక టీముకి ఊళ్లు తిరిగి ఆటగాళ్లను వెతికిపెట్టే మనిషి. పక్క రాష్ట్రం ఆర్కన్సా వాడు, తెల్లాయన, అరవై దాటిన వయసు. మా వైపు సోమవారం ఎర్ర చిక్కుళ్లు వండడం ఆనవాయితీ కనుక వెర్నా అవే ఉడికించి అన్నంలో వడ్డించింది. మొహమాటపడకుండా రెండోసారి అడిగి తిన్నాడు. అది వెర్నాకి నచ్చింది. తిన్నాక ఆయన లూషియన్ వైపు తిరిగాడు.

"బాబూ, ఒకసారి ఆ వాకిట్లో మెట్లు దిగి చూపిస్తావా?"

వెర్నా చేతిలో గరిటె టక్కున గిన్నెలో పెట్టింది. "మా వాణ్ణి చూడ్డానికొచ్చారా, గుర్రాన్ని బేరమాడ్డానికొచ్చారా? నోరు తెరవమంటాను, పళ్లు కూడా చూసుకోండి."

ఆయన మొహం కందిపోయింది. మా నల్లవాళ్ల ఇళ్లలో ఆ మాటకి, బానిసల సంతలో పళ్లు చూసి మనుషుల్ని కొన్న నాటి నుంచీ, ఎంత పాత అర్థం ఉందో ఆయనకు తెలుసు. "మీరన్నది నిజమేనమ్మా. మా పనిలో సగం అలాంటిదే," అన్నాడు. "కానీ చూడకుండా తీసుకెళ్తే ఈ అబ్బాయికి ఇంకా అన్యాయం చేసినవాణ్ణవుతాను."

లూషియన్ లేచి మెట్లు దిగాడు, ఎక్కాడు. వాడి తరఫున బేరాలు మాట్లాడే ఏజెంటు ముందే చెప్పి ఉంచాడు, ఎవరడిగినా మోకాలు కొత్తదానికంటే గట్టిగా ఉందనాలని. ప్రూయిట్ అడిగాడు. వాడు చెప్పాడు.

"చలిగా ఉన్న పొద్దున మెట్లు దిగుతుంటే పట్టేస్తుందండీ. ఆడిన మర్నాడు వాస్తుంది. తరవాత తగ్గిపోతుంది."

"నీ నోరు పడిపోనూ," అంది వెర్నా.

ప్రూయిట్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నువ్వు నిజం చెప్పావు గనక నేనూ చెప్తాను. డ్రాఫ్టులో కుర్రాళ్లను ఎంచుకోవడానికి మాకు ఏడాదికి దొరికే వంతులు కాసిని. ఒకటి నీ మీద పెట్టి నువ్వు ఆసుపత్రిలో పడుకుంటే, ఆ వంతులో రావాల్సిన గట్టి కుర్రాడు మాకు పోయినట్టే. మా డాక్టరు నిన్ను వద్దన్నాడు. కోచ్‌లు చెడిపోయిన సీజన్లు చాలా చూశారు, వాళ్లకీ భయమే. ఒకసారి తెగినవాడికి మళ్లీ తెగడం మామూలు. రెండుసార్లు తెగినవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు."

"మరెందుకొచ్చారు?" అన్నాను నేను.

"ఇతను బంతి లేకుండా ఆడిన ఆట చూశానండీ. వేరేవాడు బంతి పట్టుకుని పరిగెడుతుంటే వాడి ముందు దారి చేస్తాడు. కుర్రాళ్లు చాలామంది ఆ పని ఎగ్గొడతారు. ఇతను ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు."

ఏప్రిల్‌లో డ్రాఫ్టు వచ్చింది. టీములన్నీ వంతుల ప్రకారం పేర్లు పిలుస్తాయి, మూడు రోజుల తంతు. మేము వాకిట్లో టీవీ పెట్టి, పెద్ద గుండిగలో బురద రొయ్యలు, మొక్కజొన్న పొత్తులు కారం దట్టించి ఉడికించాం. మొదటి రోజు ఎవరూ పిలవలేదు, పిలుస్తారని మేమూ అనుకోలేదు. రెండో రోజు పొద్దు వాలుతుండగా సరస్సు ఒడ్డు టీము వాడి పేరు పిలిచింది. వీధంతా కేకలు వేసింది. లూషియన్ వెర్నాని ఎత్తి గిర్రున తిప్పాడు. "దింపరా, మోకాలు!" అని అది అరుస్తూనే ఉంది.

టీవీలో కోటు వేసుకున్న ఒకాయన నవ్వి, "మూడో రౌండులో పంక్చరైన టైరు కొనుక్కున్నారు," అన్నాడు. మా వీధివాళ్లు నా వైపు చూసి పడీపడీ నవ్వారు. "ఫెర్నెల్ కొట్టు మాల్ ఉత్తరాదికి పోతోందిరోయ్!" అని నా పేరు పెట్టి అరిచారు.

జూలై ఆఖరున ప్రాక్టీసు మొదలైంది. కొద్ది రోజులకే ఒక పొద్దున లూషియన్ బంతి అందుకుని ఎడమవైపు తిరిగాడు. ఎవరూ ముట్టుకోలేదు. తిరిగినవాడు తిరిగినట్టే గడ్డి మీద కూలబడ్డాడు. నాకు ఫోన్ చేసినప్పుడు గొంతు మామూలుగానే ఉంది. "పోయింది మావయ్యా. చప్పుడు నాకే వినిపించింది. అమ్మకి నువ్వే చెప్పు."

ఆ టీము ఆ ఏడు చాలా ఆటలు ఓడింది. వాడి స్థానంలో ఆడాల్సినవాడు కూడా గాయపడ్డాడు. వీడి తరవాత వంతులో ఇంకో టీము పిలిచిన కుర్రాడు మాత్రం అక్కడ వారం వారం చెలరేగిపోయాడు. పత్రికలు ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన వేశాయి. వసంతం రాగానే ప్రూయిట్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. లూషియన్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆయన ఎత్తలేదు.

అప్పటికి మూడో ఆపరేషన్ అయి వాడు ఇంటికొచ్చి ఉన్నాడు. తెల్లారగానే ఏటిగట్టు మీద వెనక్కి నడిచేవాడు, మోకాలికి బలం రావాలని. చేపలు పట్టేవాళ్లు, "ఒరే, ముందు ఎటుందో మర్చిపోయావా?" అని వెక్కిరించేవాళ్లు. "మీ మొహాలు చూస్తూ నడుద్దామని!" అనేవాడు. ఇంటికొచ్చాక మాత్రం మోకాలి మీద మంచుగడ్డల సంచీ పెట్టుకుని, పళ్లు బిగించి కూర్చునేవాడు.

ఒకరోజు వెర్నా వాడి ఎదురుగా కూర్చుంది. "చాలు నాన్నా. నలభై ఏళ్లకి కర్ర పట్టుకు నడుస్తావా? ఎవరికి చూపించాలని ఇదంతా?"

"ఎవరికీ కాదమ్మా. మూడుసార్లూ నన్ను మోసుకుని బయటికి తీసుకొచ్చారు. ఒక్క ఏడాదన్నా మొదట్నించి చివరిదాకా ఆడి, నా కాళ్లతో నేను నడిచి రావాలి. ఆ తరవాత నువ్వు చెప్పినట్టే వింటాను."

"ఇప్పుడు వినడానికేం?"

"ఇప్పుడు వింటే జన్మంతా నీ మీద ఏడుస్తాను."

వెర్నా లేచి వంటగదిలోకి పోయింది. మర్నాటి నుంచి దాని పాత కారు వేసుకుని గట్టు కింద వాడి వెంబడి మెల్లగా నడిపేది. పడితే ఎత్తుకురావడానికి అని చెప్పేది.

ఎండలు ముదిరాక వాడు నన్ను వెంటబెట్టుకుని ఆర్కన్సా వెళ్లాడు. ప్రూయిట్ ఇంటి వెనక కోళ్ల షెడ్డుకి రేకులు బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి నిచ్చెన దిగాడు.

"క్షమించమనడానికి వచ్చుంటే వెనక్కి వెళ్లు బాబూ," అన్నాడు. "డాక్టరు వద్దన్నాడు, నేను కావాలన్నాను. డాక్టరు చెప్పిందే నిజమైంది. దాన్ని మనిద్దరం ఎంత గింజుకున్నా మార్చలేం."

"మార్చడానికి రాలేదండీ. ఆగస్టులో మళ్లీ ఆడబోతున్నాను. మీరు పేపర్లో చూడకముందే నా నోటితో చెప్దామని వచ్చాను."

"నా కోసం ఆడుతున్నావా?"

"లేదండీ."

ఆయన మొహం తేటపడింది. "అయితే సరే. నా కోసమంటే ఈ సుత్తితో రెండో మోకాలు కూడా పగలగొట్టేవాణ్ణి. రా, ఆ రేకు పట్టుకో." షెడ్డు పూర్తయ్యేదాకా ముగ్గురం పనిచేశాం. ఆయన భార్య వేయించిన కోడి పెట్టింది.

టీము లూషియన్‌ని ఆటగాళ్ల జాబితాలో అట్టడుగున ఉంచుకుంది. మునుపటి ఒడుపు పోయింది, వాడికీ తెలుసు. బంతి పట్టుకునే ఆశ వదులుకుని, ఇంకొకళ్ల ముందు దారి చేసే పనికి ఒప్పుకున్నాడు. వాళ్ల టీము బంతిని దూరంగా తన్నినప్పుడల్లా, ఎదుటివాళ్లలో దాన్ని అందుకున్నవాడి మీదికి పరిగెత్తి వాణ్ణి పడగొట్టేవాడు. ఎవరూ పేరు గుర్తుంచుకోని పని. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఒక్క ఆట కూడా మానలేదు.

ఆఖరి ఆటకి నేనూ వెర్నా వెళ్లాం. అంత చలి మేమెప్పుడూ ఎరగం. వెర్నా నాలుగు స్వెట్టర్లు తొడుక్కుని ఎలుగుబంటిలా కూర్చుంది. టీము ఓడిపోయేలా ఉంది, జనం లేచి వెళ్లిపోతున్నారు. అప్పుడు వాడి చేతికి బంతిచ్చారు. ఏడెనిమిది గజాలు పోయాడేమో, ఇద్దరు కలిసి పడేశారు. వెర్నా చెవులు మూసుకోలేదు. నా చెయ్యి మాత్రం పట్టుకుంది, గోళ్లు దిగాయి. వాడు లేచి, బంతి అంపైరుకి విసిరి, హెల్మెట్ సర్దుకుంటూ వెళ్లి తన చోట నిలబడ్డాడు.

మరో ఏడాది అలాగే ఆడాడు. ఆ తరవాత డాక్టరు ఎక్స్‌రే చూపించి, లోపల ఎముక ఎముకని రాస్తోందన్నాడు. టీము ఇంకో ఏడాది ఉండమంది. వీడు వద్దన్నాడు. కోచ్ గదిలోంచే ఫోన్ చేసి, "మావయ్యా, ఈసారి నేనే ఆపాను," అన్నాడు. గొంతులో ఏడుపుంది. అయినా ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

ఇప్పుడు మా రేవులో ధాన్యం ఓడలకెక్కించే క్రేను నడుపుతున్నాడు. కూర్చుని చేసే పని కనుక మోకాలికి నొప్పి తక్కువ. వాన పట్టే ముందు కుంటుతాడు.

మొన్న ఏప్రిల్‌లో నా కొట్లో అందరం డ్రాఫ్టు చూస్తున్నాం. టెక్సాస్ కుర్రాడొకడు, రెండు మోకాళ్లకీ ఆపరేషన్లయ్యాయట. తీసుకోవచ్చా కూడదా అని వాదన పెరిగింది. చివరికి ఎవరో, "లూషియన్, నువ్వు చెప్పు. నువ్వే టీము యజమానివైతే వాణ్ణి పిలుస్తావా?" అన్నారు.

వాడు చాలాసేపు టీవీలో ఆ పిల్లాడి మొహం చూశాడు.

"నేనైతే పిలవను," అన్నాడు. "మీరంతా టీమువైపు నుంచే అడుగుతున్నారు. ఆ కుర్రాడు నన్నడిగితే, ఎవరు పిలిచినా వెళ్లరా అంటాను."