అయ్యగారు నిద్రించారు

మా ఇంటి ఛానల్‌కు మూడు జిల్లాల్లో విలేకరులున్నారని మా బాపు గొప్పగా చెప్పుకుంటాడు. నిజానికి మా చుట్టాలు ఎక్కడుంటే అక్కడికే మా ఛానల్. జనగామలో మేము, మహబూబాబాద్‌లో విత్తనాల దుకాణం నడిపే మా బావ, భూపాలపల్లిలో బొగ్గుబావి పనికి వెళ్లే మా మేనమామ. మేనత్తను ములుగులో ఇచ్చి ఉంటే నాలుగు జిల్లాలయ్యేవి.

బాపు దీన్ని వార్తల కోసం మొదలుపెట్టలేదు. మంచం దిగలేని విశ్వాసులు ఆదివారం ఆరాధనను ఇంట్లోనే చూడాలని కేబుల్ రోజుల్లో పెట్టాడు. తర్వాత పెళ్లిళ్లు, పుట్టినరోజులు, పత్తి ధరలు, చివరికి వార్తలు వచ్చి చేరాయి. ఇప్పుడు జనం ఫోన్లలో చూస్తున్నారు. మారనిది మా స్టూడియో ఒక్కటే. అది మా ముందుగది. దానికీ వంటింటికీ మధ్య ఒక్క కర్టెన్ అడ్డం. ఒకసారి నేను ఎండిన వరి గురించి చదివి ముగించగానే రఘునాథపల్లి నుంచి ఒకామె ఫోన్ చేసింది.

"అక్కా, ఇయ్యాల శనగపప్పా? కుక్కరు ఐదు కూతలేసింది."

చదవడం, టైపు చేయడం, తెర కింద పాకే స్క్రోలింగ్ రాయడం ఇరవై ఏళ్లుగా నా పనే. అలసిపోయానంటే మా ఇంట్లో ప్రార్థన తగ్గిందని అర్థం. "ఇది పని గాదు బిడ్డా, పరిచర్య" అంటాడు బాపు. పనికైతే ఆదివారమైనా సెలవుండేది. మహబూబాబాద్‌లో మా సంఘం నడిపే ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా రమ్మని ప్రతి వేసవిలో నన్ను అడుగుతారు. పిల్లలకు జడలు వేస్తూ, వాక్యం నేర్పుతూ మిగతా కాలం గడపాలని నా ఆశ. "ఈ ఒక్క ఏడు చూద్దాం" అని బాపు ఏటా అంటాడు.

ఈసారి వెళ్లి తీరాలని నేను నిశ్చయించుకున్న ఏడాదే ఆ తప్పు జరిగింది. మా సంఘాన్ని కట్టిన పెద్ద పాస్టరు అయ్యగారు భూపాలపల్లిలో ఉన్న కూతురి ఇంటికి వెళ్లి, జబ్బుపడి అక్కడే దవాఖానలో చేరారు. మూడు రోజులు అందరం ఉపవాస ప్రార్థనలో ఉన్నాం. నాలుగో రోజు పొద్దున మేనమామ మెసేజ్ పెట్టాడు: "అయ్యగారు నిద్రించిండు. ఇగ పరేషాన్ లేదు."

మేనమామ క్రిస్మస్ కేకుకు తప్ప మా మందిరానికి రాడు. అతనికి నిద్రంటే నిద్రే. మా సంఘంలో మాత్రం విశ్వాసులు చనిపోరు, ప్రభువులో నిద్రిస్తారు. ఆ మాటను నేను పుట్టినప్పటి నుంచీ సమాధుల దగ్గరే విన్నాను. కళ్లు తుడుచుకుని స్క్రోలింగ్ రాశాను: "మన పెద్ద అయ్యగారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు."

గంటలో జనగామ వాళ్లు బస్సు మాట్లాడుకున్నారు. నర్మెట్ట వాళ్లు దండలు పట్టుకుని జీపెక్కారు. మధ్యాహ్నానికి అందరూ పాటలు పాడుతూ దవాఖాన వార్డులోకి వెళితే అయ్యగారు మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు. దండలు చూసి ఆయన చెయ్యి ఆగిపోయిందట.

"అయ్యో, ఎవలు పోయిన్రు?"

దండలన్నీ వీపుల వెనక్కి పోయాయి. చివరికి ఒక అవ్వ అంది: "మీరే అయ్యగారూ."

నేను మేనమామకు ఫోన్ చేశాను. "ఏంది మామా, గిట్లనేనా మెసేజ్ పెట్టేది?"

"నేనేం జేసిన బిడ్డా? మూడు దినాలకు జర నిద్ర పట్టింది పెద్దమనిషికి. పండుకున్నడంటే మర్యాద గాదని గట్ల రాసిన. ఇంకా నయం, కన్ను మూసిండని రాయలే."

అయ్యగారు కోలుకుని వచ్చిన ఆదివారం, క్షమాపణ చెప్పడానికి నేను సంఘం ముందు నిలబడ్డాను. నా తప్పు ఒప్పుకుని, ఛానల్ వదిలి హాస్టల్‌కు వెళ్తున్నానని చెప్పాలనుకున్నాను. మొదటి సగం చెప్పాను. "అందుకే ఇక ఈ పని..." అనేలోగా కుర్చీలోంచి అయ్యగారు చెయ్యెత్తారు.

"ఆగు బిడ్డా. నువ్వు పోతే నా వార్త ఎవలిస్తరు? ఒకసారి తప్పు ఇచ్చినవ్. రెండోసారి నువ్వే సరిగ్గ ఇయ్యాలె. గప్పటిదాంక యాడికి పోవద్దు."

సంఘమంతా నవ్వి "ఆమేన్" అంది. అందరికంటే గట్టిగా బాపు అన్నాడు. మా దగ్గర ఆమేన్ పడ్డాక ఇక అప్పీలు లేదు.

ఇది జరిగి ఐదేళ్లయింది. అయ్యగారు ఇప్పుడు తన వాకిలి తానే ఊడ్చుకుంటారు. ఆరాధన అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "ఏం బిడ్డా, రాసి పెట్టినవా?" అంటారు.

"ఇంకా లేదు అయ్యగారూ."

"తొందరేం లేదు తియ్."

నాకు బాప్తిస్మమిచ్చింది ఆయనే. ఆయన ఆయుష్షు కోసం రోజూ పొద్దున మోకరించి నిజంగానే ప్రార్థిస్తాను. ఆ ప్రార్థన మధ్యలో హాస్టల్ వరండా, తలంటుకుని వరసగా కూర్చున్న పిల్లలు కనిపిస్తారు. మొదట్లో దాన్ని సాతాను శోధన అనుకుని భయపడ్డాను. ఇప్పుడు ఉత్త అలసట అనుకుంటున్నాను. అది ఏమిటో దేవునికి తెలుసు కాబట్టి నేను వివరించను.

ఈ వేసవిలో కూడా హాస్టల్ చూసుకునే పెద్దమ్మ ఫోన్ చేసింది. ఈ ఒక్క ఏడు చూద్దామన్నాను. బాపు మాట నా నోట వచ్చింది.

"అయ్యగారికి ఎట్లుంది?" అని ఆమె అడిగింది.

"మంచిగున్నరు."

"ప్రభువుకు స్తోత్రం" అంది ఆమె.

కాస్త ఆలస్యంగా, నేనూ అన్నాను.