సిమెంటు లేని కుంట

యుద్ధం అయిపోయినా సిమెంటు పర్మిట్ మీదే దొరికే రోజులవి. ముసునూరులో మా పెరటి మామిడి మొక్కల కోసం కుంట తవ్వించాను. మాది ఎర్రనేల. సాయంత్రం బావి నీళ్లతో నింపితే తెల్లారేసరికి ఇంకిపోయాయి.

"సిమెంటు లేందే చుక్క నిలవదండీ," అని తాపీమేస్త్రి నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది.

ఎండిన చెరువులో ఊరికే దొరికే బంకమట్టి రెండు బళ్లు తోలించి, కుంటలో జానెడు మందాన పరిపించి తడిపాను. చీర ఎగదోపి ముందు నేను, వెనక మా గేదె, నీళ్లు దిగే సందు లేకుండా మూడు రోజులు తొక్కాం. వీధంతా నాకు పిచ్చెక్కిందనుకుంది.

మళ్లీ నీళ్లు నింపిన వారానికి మేస్త్రి వచ్చి, ఇంకా నిండుగానే ఉన్న కుంటను చూసి నోరు వెళ్లబెట్టాడు.

"సిమెంటు ఎక్కడ సంపాదించారండీ?"

గట్టు మీద నెమరేస్తున్న గేదెను చూపించాను.