అద్దం చివర అరచెయ్యి

మా ఆడపడుచు పోయారని దిగపహండి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఆమె పిస్టల్‌కి గుండ్లు ఏరుతున్నాను. మర్నాడు పొద్దున్న బస్సులో వచ్చి అవి పట్టుకెళ్తానని ఆమె అంతకుముందే చెప్పి ఉన్నారు. ఫోన్ పెట్టేశాక ఏం చెయ్యాలో తోచక, చేతిలో ఉన్న గుండుని తూకం మీద పెట్టాను. బరువు సరిపోయింది. డబ్బాలో వేశాను. ఆ తర్వాతే మా ఆయన్ని పిలిచాను.

మా వదిన దిగపహండిలో బడిపిల్లలకు ఆటలు నేర్పి రిటైరయ్యారు. ఆ తర్వాత ఎయిర్ పిస్టల్ పట్టుకుని, పెద్ద వయసువాళ్ళ విభాగంలో పోటీలకు వెళ్ళేవారు. ఆదివారాలు బరంపురం క్లబ్బుకి వచ్చి, మధ్యాహ్నం లంజిపల్లిలో మా ఇంట్లో భోంచేసేవారు. "ఈ వయసులో ఎవుల్ని కాల్సడానికక్కా?" అని మా ఆయన ఏడిపిస్తే, "నిన్నేరా. కదలకుండా నిలబడు, సెప్తాను" అనేవారు.

ఆ సీసపు గుండ్లు శనగగింజంత కూడా ఉండవు. డబ్బాలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి గాని, ఒకటి పిసరంత బరువెక్కువ, ఇంకొకదాని అంచు నొక్కుకుపోయి ఉంటుంది. నేను కందిపప్పులో మట్టిగడ్డలు ఏరడం చూసి, "ఏటే, నీ కళ్ళు నాకిచ్చీయే" అని ఆ పని నాకు అప్పగించారు. ముందు తూకం. తర్వాత కాస్త వాలుగా పెట్టిన అద్దం మీద దొర్లించడం. గుండు ముందుభాగమూ వెనక అంచూ ఒక కొలతలో ఉండవు కాబట్టి అది తిన్నగా పోదు, వంపు తిరుగుతూ దొర్లుతుంది. ఒకే వంపులో వచ్చినవన్నీ ఒక జట్టు. నేను ఇటు నుంచి వదిలితే ఆమె అటు చివర అరచెయ్యి పట్టి అందుకునేవారు. "ఆఉ గోటే" అనేవారు ఒడియాలో, ఇంకొకటి అని. ఎప్పుడూ ఇంకొకటే.

పోయిన ఏడాది నుంచి ఆమె టార్గెట్ కార్డు మీద రంధ్రాలు చెదరడం మొదలైంది. "గుండ్లు బాగోనేవే. ఇంకా గట్టిగా ఏరు" అన్నారు. డబ్బాలో సగం పక్కన పడేసేదాకా ఏరాను. అయినా చెదిరాయి. ఆమెకి కుదురు పోయింది. అన్నం మధ్యలో లేచి వెళ్ళి అద్దం వాలు సరిచేసేవారు. ఆమె గ్లాసులో మజ్జిగ తొణకడం నేను చూస్తూనే ఉన్నాను. అనడానికి నోరు రాలేదు. అంటే పోటీలు మానేస్తారేమోనని నా భయం.

చివరికి ఆమే అన్నారు: "పిస్టల్ని బల్లకి బిగించి కాల్సి సూద్దామే. బల్లకి సెయ్యుండదు గదా."

క్లబ్బులో బిగించి చూశాం. నేనేరిన గుండ్లు వరసగా ఒకే రంధ్రంలోకి పోయాయి. ఆమె ఆ కార్డుని ఎత్తి, రంధ్రంలోంచి నన్ను చూశారు.

"గుండు మంచిదే."

నేను తల దించుకుని గుండ్ల డబ్బాకి మూత పెట్టాను.

"అలా మొకం ఎట్టావేటి? ఇన్నాళ్ళూ నిన్నూ గుండ్లనీ తిట్టుకున్నాను. తప్పెవులిదో ఇప్పుడు తెలిసింది. పోటీకి ఎల్తాను."

"ఓడిపోతారొదినా."

"ఓడితే నా సేత్తోనే ఓడతాను. నువ్వు మాత్రం ఏరడం మానకు."

ఆ మధ్యాహ్నం ఆమె రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నారు. తన లోపం ఎక్కడుందో తెలిసినందుకు అంత తేలికపడ్డ మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ పోటీ వచ్చే నెల.

కర్మలు అయిపోయాయి. నిలబడితే నిలబడలేను, కూర్చుంటే కూర్చోలేను. ఇంటి లెక్క రాయబోతే కూడిన వరసే మళ్ళీ కూడుతున్నాను. సగం ఏరిన డబ్బా అలా ఉండిపోవడం నాకు పడదు. అందుకని వంట ముగిశాక అద్దం దించి, మిగిలినవి ఒక్కొక్కటే వదులుతున్నాను. అవి వంపు తిరుగుతూ అటు చివరిదాకా వెళ్ళి, టక్కున గచ్చు మీద పడి మంచం కిందికి పోతున్నాయి. అలా పడితే అంచు నొక్కుకుపోతుంది, ఇక పోటీకి పనికిరాదు. అక్కడ ఒక గుడ్డ పరిస్తే సరిపోతుందని తెలుసు.

ఇంకా పరవలేదు.